ఆయుధ పూజలో కంప్యూటర్

పటాన్‌చెరులో చెప్పుల దుకాణం పైన ఒక గది కిరాయికి తీసుకుని, రెండు కంప్యూటర్లతో నేనూ నా మిత్రుడూ వెబ్ పేజీలు చేయడం నేర్పేవాళ్లం. ఆయన పోయాక ఆ రోజుల గురించి రాయమని కొందరు అడిగారు. రాయడానికి పెద్ద సంగతులేమీ లేవు.

నేర్చుకునేవాడి చేతిలోంచి మౌస్ లాక్కుంటే వాడికి ఏమీ రాదని ఆయన నమ్మకం. నేను ఆత్రంగా ముందుకు వంగితే చొక్కా పట్టి వెనక్కి లాగేవాడు.

మా విద్యార్థులు షిఫ్టు దిగి వచ్చేవాళ్లు. వాళ్లలో కర్దనూర్ ఊరి నుంచి వచ్చే అతనొకడు, ఇనుము కరిగించి పంపులు పోతపోసే ఫౌండ్రీలో ఫర్నేస్ దగ్గర పనిచేసేవాడు. ఆ వేడి ఇక పడదని డాక్టర్ చెప్పాడు. కంపెనీకి వెబ్ పేజీ చేసి చూపిస్తే ఆఫీసులో కుర్చీ ఇస్తానని యజమాని సేటు అన్నాడు. దసరా నాడు సాయంత్రం తను ఊరికి ప్రయాణం కాబట్టి, ఆ పొద్దునే ఫ్యాక్టరీలో పూజ ముగించుకుని మా గదికి వచ్చి చూస్తానన్నాడు.

పండుగ పొద్దున నేను వెళ్లేసరికి విద్యార్థులు కంప్యూటర్లకు ఆయుధ పూజ చేసేశారు. మానిటర్లకు బంతిపూల దండలు, కీబోర్డులకు కుంకుమ బొట్లు. బండి టైరు కింద పెట్టినట్టు మౌస్ కింద నిమ్మకాయ పెట్టారు. అది దొర్లిపోతుంటే గుడ్డపీలిక అడ్డం పెట్టారు. పూజ చేసిన పనిముట్టును మర్నాటిదాకా ముట్టకూడదు. నా మిత్రుడు ఏనాడూ అగరొత్తి వెలిగించినవాడు కాదు. ఆ రోజు మాత్రం వాళ్ల మాటే మాట అన్నాడు. నేను స్విచ్ వైపు వెళ్తే చొక్కా పట్టుకున్నాడు.

సేటు వచ్చాడు. కర్దనూర్ అతను చెమట తుడుచుకుంటూ, "పూజ చేసినం సేట్. రేపటిదాక ముట్టద్దు" అన్నాడు.

కుర్చీ పోయిందనుకున్నాను. సేటు దండ వేసిన మానిటర్‌ను కాసేపు చూశాడు.

"నా మిషిన్లకే ఇయ్యాల సుట్టీ ఇచ్చిన. దీన్నెందుకు పరేషాన్ చేసుడు? నోటితోని చెప్పు."

అతను నల్లటి తెర ముందు నిలబడి చెప్పుకుపోయాడు. పైన నీలం రంగులో కంపెనీ పేరు, కింద పంపు బొమ్మ, ఇక్కడ నొక్కితే ధరలు.

సేటు గాలిలో వేలు పెట్టాడు. "నొక్కిన. ఏమొచ్చింది?"

"ధరలొచ్చినయ్ సేట్."

"మల్ల ఎనకకెట్ల పోవాలె?"

అతను అదీ చూపించాడు. సేటు అక్కడా నొక్కి, తృప్తిపడి, పంపు బొమ్మ మాత్రం కొంచెం పెద్దది చేయమన్నాడు. ప్రసాదం తిని లేచాడు.

"పండుగ అయినంక ఆఫీసుల కూసో."

మర్నాడు దండలు తీసి కంప్యూటర్ ఆన్ చేశాం. కంపెనీ పేరు నీలంగానే వచ్చింది. పంపు ఉండాల్సిన చోట ఖాళీ గడి, అందులో ఎర్రటి ఇంటూ గుర్తు. ధరల మీద నొక్కితే పేజీ దొరకలేదంది.

ముందురోజు నేను రాకముందే, పూజకు ముందు చివరిసారి ఆ పేజీని సరిచూసింది నా మిత్రుడే. స్విచ్ వైపు వెళ్తుంటే నా చొక్కా ఎందుకు పట్టుకున్నాడో అప్పుడు తెలిసింది. ఆయన, ఎర్ర గుర్తునే చూస్తున్న కర్దనూర్ అతని పక్కకు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"బొమ్మ పెద్దది చెయ్యమన్నారు కదా. ముందు దాన్ని రప్పించు."