వెనక సీటు మీది బియ్యం

"తమ్మీ, మీ బావ లేస్తలేడు."

శుక్రవారం పొద్దున అక్క ఫోన్ చేసి అన్న మాట ఇది. నేను అప్పుడే మెదక్ బస్టాండు దగ్గరున్న నా జిరాక్సు దుకాణం షట్టర్ ఎత్తుతున్నాను. రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదేమో, ఇంకొంచెం సేపు పడుకోనిమ్మని చెప్పాను. అక్క మళ్లీ అదే మాట అంది. తిట్టలేదు, ఏడవలేదు. రెండోసారి ఆ మాట విన్నాక సగం ఎత్తిన షట్టర్‌ను అట్లాగే వదిలేసి పరుగెత్తాను.

బావ వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునే ఉన్నాడు. చాయ్ సగం తాగి గ్లాసు పక్కన పెట్టుకున్నాడు. బండి తుడిచిన పాత బనియన్ గుడ్డ భుజం మీదే ఉంది. కునుకు తీస్తున్నాడనే అక్క చాలాసేపు లేపలేదట. దవాఖానకు తీసుకుపోతే డాక్టరు చూసి, గుండె ఎప్పుడో ఆగిపోయిందన్నాడు. ముందటి రోజు సాయంత్రం నన్ను ఆటపట్టించిన మనిషి. నాకు ఆ డాక్టరు వేరే ఎవరి గురించో చెబుతున్నట్టే అనిపించింది. ఇది రాస్తున్నప్పుడు కూడా అట్లాగే అనిపిస్తోంది.

ఆ రోజు వచ్చిన ప్రతి మనిషీ, ఫోన్ చేసిన ప్రతి చుట్టమూ మొదట అడిగింది ఒక్కటే: బండి మీదనేనా? కాదు, కుర్చీలో అని చెప్పి చెప్పి నా నోరు నొచ్చింది. కొందరి ముఖాల్లో నమ్మకం కూడా కుదరలేదు. ఆ వయసులో అంత పెద్ద బండి ఎందుకు చెప్పు అని, నేను చెప్పింది విననట్టే ఒక పెద్దమనిషి తల ఊపాడు. నాకు ఒళ్లు మండింది. చావు ఇల్లు కాబట్టి ఊరుకున్నాను. బావ ఆ బండిని ఎట్లా నడిపాడో చూసినవాణ్ని నేను. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

బావ టేక్మాల్ మండలాఫీసులో గుమస్తా. ఉద్యోగమంతా మెదక్ నుంచి టేక్మాల్‌కు ఒకే ఒక పాత బండి మీద పోయి వచ్చాడు. వంద సీసీ బండి. దాని ఇంజను కూడా ఆయనతో పాటే ముసలిదైంది. సందు మొదట్లో దాని దగ్గు వినిపిస్తే చాలు, అక్క చాయ్ గిన్నె పొయ్యి మీద పెట్టేది. రిటైరైన కొన్నాళ్లకు దాన్ని పక్కన పెట్టి, గుడుగుడుమనే పెద్ద బండి కొన్నాడు. పాతదానికి మూడింతల బలం. బరువు కూడా దాదాపు రెండింతలు. వీధిలో అందరూ ముక్కు మీద వేలేసుకున్నారు. నేనూ ఊరుకోలేదు, ఇప్పుడెందుకు బావా ఈ సోకు అని అడిగాను.

"ఇన్నేండ్లు టేక్మాల్ రోడ్డు మీద నన్ను దాటిపోయేటోళ్లనే చూసిన బామ్మర్ది. ఒక్కసారన్న నేను దాటిచూస్త" అన్నాడు.

విచిత్రమేమంటే, తీరా కొన్నాక ఆయన ఎవరినీ దాటలేదు. దానికి కారణం ఏడుపాయల.

మా వైపు కొత్త బండి ఏదైనా ముందు ఏడుపాయలకే పోతుంది. వనదుర్గమ్మ గుడి ముందు నిలబెట్టి, కుంకుమ బొట్లు పెట్టి, దండ వేసి, కొబ్బరికాయ కొట్టి, చక్రం కింద నిమ్మకాయ పెడతారు. దాన్ని తొక్కించుకుంటూ ముందుకు పోవాలి. దిష్టి అక్కడే పోతుందని నమ్మకం. బావ బండి మీద కూర్చున్నాడు. పూజ చేయించినవాళ్లం ఇద్దరం కలిసే తొక్కించాలని అక్క చేతిలో కొబ్బరిచిప్పలతో వెనక ఒక పక్కకు కూర్చుంది. నేను నా స్కూటీ దగ్గర నిలబడి ఫోన్లో వీడియో తీస్తున్నాను.

పాత బండి ఇద్దరితో కదలాలంటే మణికట్టు మొత్తం తిప్పి గట్టిగా రేస్ ఇవ్వాలి. ఆయన చేతికి అదే అలవాటు. దానికి తోడు ముందు నిమ్మకాయ అడ్డం ఉందాయె. చెయ్యి అదే లెక్కన తిరిగింది. బండి ఒక్క దుంకు దుంకింది. నిమ్మకాయ నలిగిందో లేదో తెలియదు కానీ, అక్క మాత్రం వెనక ఇసుకలో కూర్చొని ఉంది. బావ ఎదురుగా ఉన్న గాజుల దుకాణానికి మూరెడు దూరంలో బండిని ఆపగలిగాడు. చుట్టూ జనం నవ్వారు. ఆయన బండిని ఎట్లా నిలబెట్టాడో తెలియదు, వెనక్కి ఉరికి వచ్చి అక్క ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. దెబ్బ పెద్దగా తగల్లేదు. కానీ ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు.

అక్క చీర దులుపుకొని లేచి, "అమ్మవారే దింపింది. ఇంక దీన్ని నేనెక్క" అంది.

తిరుగు దారిలో అక్క నా స్కూటీ మీద వచ్చింది. బావ మా వెనకే, అద్దంలో కనిపించీ కనిపించనంత మెల్లగా వచ్చాడు.

ఇంకొకరైతే బండిని తిట్టేవాళ్లు, లేకపోతే షోరూం వాళ్లను తిట్టేవాళ్లు. తెల్లారి నేను పోయేసరికి బావ బండిని స్టార్ట్ చేయకుండా వాకిట్లో ముందుకు, వెనక్కి తోస్తున్నాడు. చెమటలు కారుతున్నాయి. ఏం చేస్తున్నావు బావా అంటే, దాని బరువు ఎటు పోతదో చూస్తున్నానన్నాడు. "బండి కొత్తది, చెయ్యి పాతది. తప్పు బండిది గాదు" అన్నాడు. ఆ మాట తర్వాత ఎన్నోసార్లు విన్నాను.

ఆ తరువాత ఆయన కార్యక్రమం మార్కెట్ యార్డుకు మారింది. వడ్ల సీజన్ కాదు కాబట్టి యార్డు ఖాళీగా ఉండేది. పొద్దున్నే హెల్మెట్, బూట్లు, చేతులకు గ్లౌజులు వేసుకొని పోయేవాడు. మొదట చాలా రోజులు అసలు రేసే ఇవ్వలేదు. క్లచ్ ఒక్కటే మెల్లగా వదులుతూ, బండి ఎక్కడ కదలడం మొదలుపెడుతుందో ఆ చోటును వేళ్లకు నేర్పించాడు. తర్వాత బ్రేకులు. ఇటుక ముక్క ఒకటి గుర్తు పెట్టుకొని, ముందుది, వెనకది కలిపి నొక్కుతూ దాని దగ్గర ఆపేవాడు. ముందు మెల్లగా, తర్వాత కొంచెం వేగంగా. చూసేవాళ్లకు విసుగు పుట్టేది, ఆయనకు పుట్టేది కాదు. వాన పడితే బండి తీయడు, చీకటి పడితే తీయడు. అలవాటయ్యేదాకా అంతే అనేవాడు.

టేక్మాల్ రోడ్డెక్కిన మొదటి రోజు నేను స్కూటీ మీద వెంట పోయాను. నన్నే ముందు పొమ్మన్నాడు. దారిలో చాయ్ దగ్గర ఆగినప్పుడు, ఎవరినన్నా దాటరాదా అని ఎక్కిరించాను. ఆయన నవ్వలేదు. పాత బండి అరవై దాటితే హ్యాండిల్ వణికి తనే చెప్పేదట, ఇది ఎంత పోయినా చెప్పదట. "గిది చెప్పది. మనమే మీటర్ చూసుకొని అడగాలె. దాటుడు అల్కనే, దాటినంక మన జాగలకు వచ్చుడే తెల్వాలె" అన్నాడు.

ఆయన ఇదంతా ఎందుకు చేస్తున్నాడో అందరికీ తెలుసు. అక్కను మళ్లీ ఆ సీటు మీద కూర్చోబెట్టాలి. ఏడుపాయలకు తీసుకుపోయి, కింద పడ్డ చోటే దించాలి. అక్క మాత్రం ససేమిరా అంది. ఊర్లో ఆటోలు లేవా, బస్సులు లేవా అనేది.

అప్పుడే బియ్యం బస్తా వచ్చింది. ఒంటరిగా నడపడం వేరు, వెనక మనిషితో నడపడం వేరు అని బావకు ఏడుపాయలలోనే తెలిసింది. మనిషిని ఎక్కించుకొని నేర్చుకుంటే, మళ్లీ మనిషే పడాలి కదా. అందుకని కొత్త బియ్యం బస్తా తెచ్చి, యూరియా సంచిలో దూర్చి, వెనక సీటు మీద తాళ్లతో బిగించి కట్టాడు. నీ బరువెంత అని అక్కను అడిగితే ఆమె చీపురు తీసింది. చివరికి బస్తా పైన ఇంకో చిన్న మూట తనే అంచనా వేసి కట్టాడు. ఆ మూట చూసి అక్క రెండు రోజులు మాట్లాడలేదు.

ఇంక మెదక్‌లో ఆయన కనబడితే బస్తా కనబడేది. పెద్ద చర్చి రోడ్డులో, కూరగాయల మార్కెట్ దగ్గర, అన్నిచోట్లా. పెళ్లాం ఎక్కదని బియ్యాన్ని ఎక్కించుకున్నాడని నవ్వేవాళ్లు. కిలో ఎంతకిస్తావని అడిగేవాళ్లు. బావ తనూ నవ్వేవాడు కానీ బస్తా దించేవాడు కాదు. ఒకసారి ఇంట్లో బియ్యం అయిపోతే అక్క ఆ బస్తా విప్పమంది. ఆయన దుకాణానికి పోయి వేరేవి తెచ్చాడు. "గవి నువ్వెక్కిన నాడు ఏడుపాయలల్ల వండుకుందాం" అన్నాడు.

అక్క మనసు మెత్తబడింది మాటలతో కాదు. బావ పోవడానికి నాలుగైదు రోజుల ముందు ఏదో పని మీద అటు పోతూ, యార్డు గేటు దగ్గర ఆగి ఆయన్ని చూసిందట. ఒక కుక్క ఉన్నట్టుండి బండికి అడ్డం ఉరికింది. బావ వంకర తిప్పలేదు, ఉన్నచోట నిలబడ్డట్టు ఆపాడు. కుక్క తన దారిన పోయింది. బస్తా ఇంచు కూడా జరగలేదు. ఇంటికొచ్చాక అక్క చాయ్ ఇస్తూ, "బస్తనే గంత నిమ్మళంగ కూసుంటే నాకేమైతది. ఆదివారం పోదాం" అందట. ఆ మాట బావ నాకు ఫోన్ చేసి చెప్పాడు. ఆ గొంతులో సంబరం నేను ఎప్పటికీ మర్చిపోను.

గురువారం సాయంత్రం నేను వాళ్లింటికి పోయేసరికి ఇద్దరూ వరండాలో బెంచీ మీద ఉన్నారు. బెంచీకి అటూ ఇటూ కాళ్లు వేసి బావ ముందు, అక్క వెనక. ఒక పక్కకు కూర్చోవడం ఇక లేదని ఆయన పట్టుబట్టాడు. దాని కోసం అక్క కొత్తగా పంజాబీ డ్రెస్సు కుట్టించుకుంది, ఈ వయసులో. ఆయన గాలిలో హ్యాండిల్ పట్టుకొని ఎడమకు వంగుతుంటే అక్క నిటారుగా ఉండిపోతోంది. నేను గడపలో నిలబడి పడీపడీ నవ్వాను. నీకు రాదు, నీ స్కూటీకి ఇది తెలవదు పో అని బావ నన్ను కసిరి, మళ్లీ అక్క వైపు తిరిగాడు.

"నువ్వు గట్టిగ కూసుంటే బండి వంగది. బండి ఎటు వంగితే అటు వంగు. భయమైతే నన్ను పట్టుకో, గని లేవకు."

అక్క ఆయన నడుము పట్టుకుంది. ఇద్దరూ బెంచీ మీద ఎడమకు వంగారు, కుడికి వంగారు. అక్క సిగ్గుపడుతూ నవ్వుతోంది. ప్రాణంతో ఉన్న బావను నేను చూసింది అదే ఆఖరు. తెల్లారి బండి తుడిచి, చాయ్ తాగుతూ, ఎవరికీ ఏమీ చెప్పకుండా పోయాడు. ప్రతి మలుపుకు ముందే ఇండికేటర్ వేసే మనిషి.

శుక్రవారం పోయాడు కాబట్టి ఆదివారం నాడే మూడొద్దులు, అంటే మూడో నాటి కర్మ, పడింది. మా దగ్గర ఆ రోజు పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి, చితి కాలిన చోట విస్తరి వేసి, దూరంగా జరిగి పిట్ట కోసం చూస్తారు. పిట్ట ముడితే మనిషి నిమ్మళంగా పోయినట్టు. రాకుంటే ఏదో కోరిక మిగిలినట్టు. వంటకు బియ్యం తెస్తామని మా వాళ్లు బయలుదేరబోతే అక్క ఆపింది. వాకిట్లో బండి దగ్గరికి పోయి నన్ను తాళ్లు విప్పమంది. ముడులు ఎంత గట్టిగా వేశాడో, నా గోళ్లు విరిగాయి.

"ఇన్ని దినాలు నా జాగల తిరిగినయ్ గీ బియ్యం. గివే వండుండ్రి" అంది అక్క.

ఆ అన్నమే విస్తట్లో పెట్టాం. బావకు ఇష్టమైన కోడికూర, ఒక గ్లాసు చాయ్ కూడా. అందరం వెనక్కి జరగబోతున్నాం, ఇంకా నాలుగడుగులు కూడా వేయలేదు, కాకి వచ్చి వాలింది. మెతుకులు నోట కరుచుకొని ఎగిరింది, మళ్లీ వచ్చింది. మా వాళ్లందరూ దండం పెట్టుకున్నారు. ఏ కోరికా లేకుండా పోయిండు, అదృష్టవంతుడు అన్నారు. నాకూ గుండెల మీది బరువు దిగినట్టయింది.

అక్క మాత్రం కాకినే చూస్తూ నిలబడింది. తర్వాత నాకు మాత్రమే వినబడేట్టు అడిగింది.

"నన్ను ఎక్కించుకపోవాలన్న కోరిక గూడ లేకుండెనా తమ్మీ?"

ఇట్లాంటి ప్రశ్న ఒకటి ఉంటుందని నేను అనుకోలేదు.

ఇంటికొచ్చి స్నానాలయ్యాక చుట్టాలు వరండాలో కూర్చొని మెల్లగా మాట్లాడుకుంటున్నారు. ఎండ తగ్గుతోంది. ఏడుపాయల నుంచి తిరిగి రావాల్సిన వేళ. బండి వాకిట్లో సైడ్ స్టాండ్ మీద ఉంది. బస్తా లేని వెనక సీటు మీద తాళ్లు ఒరిసిన గీతలు కనిపిస్తున్నాయి. అక్క లోపలి నుంచి వచ్చింది. ఎవరినీ చూడకుండా బండి దగ్గరికి పోయి, చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకొని, అటొక కాలు ఇటొక కాలు వేసి వెనక సీటు మీద కూర్చుంది. పట్టుకోబోయిన నన్ను చేత్తోనే వద్దంది.

సైడ్ స్టాండ్ మీద ఉన్న బండి ఎడమకు ఒరిగి ఉంటుంది కదా. అక్క ముందు సీటును ఖాళీగా వదిలి, నిటారుగా లేవకుండా, బండి ఎటు వంగిందో అటే వంగి చాలాసేపు కూర్చుంది.