రెండు వేళ్ళ గుడ్డ

మా వీధికి కొత్తగా వచ్చినవాళ్ళు ముందు మా పెద్దమ్మ చేతులు చూస్తారు. అందరూ ఆమెను రెండువేళ్ళ టైలరమ్మ అంటారు కదా, మిగతా ఎనిమిదీ ఏమయ్యాయోనని లెక్కపెట్టుకుంటారు. పదీ ఉన్నాయి. ఏది కుట్టినా లోపలివైపు, కుట్టుకు అవతల, రెండు వేళ్ళ వెడల్పున గుడ్డ వదిలేస్తుంది. అందుకని ఆ పేరు.

"ఒళ్ళు ఇవాళ ఉన్నట్టు రేపు ఉంటుందా? విప్పుకోవడానికి కాస్త చోటుండాలి" అంటుంది.

నేను కాలేజీ మానేసి, ఇంట్లో మొహం చెల్లక, ఆమె దుకాణం వెనక గదిలో వచ్చి పడ్డాను. ఎందుకొచ్చావని అడగలేదు. ఎన్నాళ్ళుంటావనీ అడగలేదు. ఒక ప్యాంటు కుట్టి పెట్టింది. లోపల మందంగా ఉందని నేనే కత్తెర తీసుకుని ఆ రెండు వేళ్ళ గుడ్డా కత్తిరించి పారేశాను. గోదాములో పెట్టెలు మోసే పనిలో చేరిన ఆరు నెలలకు తొడలు లావెక్కాయి. ఒకరోజు పెట్టె ఎత్తబోయి వంగితే ప్యాంటు వెనకనుంచి చిరిగింది. గోదాము గోదామంతా పని ఆపి నవ్వింది.

పెద్దమ్మ దాన్ని తిరగేసి చూసింది. "చోటంతా నువ్వే కోసిపారేస్తే నేనేం విప్పనురా నాయనా?"

ఆదివారం పొద్దున్నే పక్క వీధిలోని బౌద్ధ విహారంలో గంటసేపు కళ్ళు మూసుకుని కూర్చోవడం ఆమెకు అలవాటు. ఒకటి రెండుసార్లు నేనూ వెళ్ళాను. కాళ్ళు తిమ్మిరెక్కడం తప్ప నాకేమీ బోధపడలేదు.

పోయిన ఏడాది ఆమె కుడిచెయ్యి వణకడం మొదలైంది. డాక్టరు పరీక్షలన్నీ చేసి, "ఆగిపోవచ్చు, పెరగొచ్చు, ఇలాగే ఉండిపోవచ్చు. ఇప్పుడే చెప్పలేం" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "ఏదో ఒకటి తేల్చి చెప్పండి సార్!"

"నువ్వూరుకోరా. తెలీదంటున్నాడుగా" అంది పెద్దమ్మ. "తెలీదని ఒప్పుకునే డాక్టరు దొరకడం మన అదృష్టం."

అక్కడ అలా అంది గానీ, దుకాణానికొచ్చాక కత్తెర ముట్టుకోలేదు. మిషను మీద పాత బట్టలు బాగుచెయ్యడం వరకే. ముప్పై ఏళ్ళుగా కొత్త గుడ్డ కోసిన మనిషి. ఆ పని పోతే ఆమెకు ఇంకేం మిగులుతుందో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

విహారంలో భిక్షువును అడిగిందట, ఈ వణుకు ఎప్పుడు పోతుందా అని కాచుకుని కూర్చోకుండా ఉండేదెలా అని. ఆయన, "చేతిని ఒళ్ళో పెట్టుకుని చూస్తూ ఉండు. వణికితే వణుకుతోందనుకో. ఆగితే ఆగిందనుకో. రేపటి చేతిని ఇవాళ మొయ్యకు" అన్నాడట. ఇక రోజూ అదే పని.

"ఏమైనా కనిపించిందా?" అన్నాను వెటకారంగా.

"ఇది ఒకేలా లేదురా. కూర్చున్న కాసేపట్లో పదిసార్లు మారింది. నేనేమో దానికి ఒకటే పేరు పెట్టేసి హడలి చస్తున్నా."

అలాంటి రోజుల్లో మా వీధి లారీ డ్రైవరు వచ్చాడు. ఒకప్పుడు గుమ్మం నిండా ఉండేవాడు. పెద్ద జబ్బు చేసి ఆసుపత్రి నుంచి వచ్చాక, చొక్కాలో మనిషి ఎక్కడున్నాడో వెతుక్కోవాలి. జబ్బుకు ముందు వాళ్ళావిడ ఇతని కోటు కోసం కొన్న ఉన్నిగుడ్డ చంకలో ఉంది. ఆ మిల్లు మూసేశారు, అలాంటిది మళ్ళీ దొరకదు.

"ఏ కొలతకి కుడతావక్కా? ఒళ్ళు చేస్తానో, ఇంకా చిక్కిపోతానో డాక్టరే చెప్పలేనన్నాడు."

"నా చెయ్యి సంగతీ అంతే తమ్ముడూ. ఇదుగో." చెయ్యి చాపి చూపించింది. "గుడ్డ పాడైపోయినా పోవచ్చు. ముందే చెబుతున్నా."

డ్రైవరు ఆ చేతిని కాసేపు చూశాడు. "అయితే మనిద్దరిదీ ఒకటే డాక్టరన్నమాట" అన్నాడు. ముగ్గురం నవ్వాం. అతను గుడ్డ బల్ల మీద పెట్టి, కొలతలకు చేతులు చాపి నిలబడ్డాడు.

మర్నాడు పొద్దున్న ఆమె గుడ్డ పరిచింది.

"ఇంకెవరిచేతైనా కోయించు పెద్దమ్మా" అన్నాను. ఆమె సుద్దతో కొలత ప్రకారం గీత గీసింది. దాని పక్కన ఈసారి రెండు వేళ్ళు కాదు, నాలుగు వేళ్ళు ఆనించి, అవతల ఇంకో గీత గీసింది. భారీ మనిషి కోసం కొన్న గుడ్డ కాబట్టి సరిపోయింది. బయటి గీత మీద కత్తెర పెట్టింది. చెయ్యి వణికింది. అంచు ఎలుకలు కొరికినట్టు వంకర్లు పోయింది. నేను బల్ల మీదికి వంగి చూస్తున్నాను. ఒక్క వంకరా లోపలి గీత దాకా రాలేదు.

ఇన్నేళ్ళూ ఎదుటివాళ్ళ ఒళ్ళు కోసం వదిలిన చోటు, ఆ రోజు ఆమె చేతిని కూడా కాచింది.

"కుట్టు పడేది లోపలి గీత మీద. అంచుతో ఎవడికి పని?" అంటూ నుదురు తుడుచుకుంది. నేను లేచి పక్కకు వెళ్ళిపోయాను, కళ్ళల్లో నీళ్ళు చూస్తే ఏడిపిస్తుందని.

కోటు కుదిరింది. చెయ్యి ఇప్పటికీ వణుకుతోంది. కొన్నాళ్ళు తక్కువ, కొన్నాళ్ళు ఎక్కువ. ఆమె కోస్తూనే ఉంది. నేనెన్నాళ్ళుంటానో ఇప్పటికీ అడగలేదు. నాకు తెలిస్తేగా చెప్పడానికి! కానీ నా కొత్త ప్యాంటులో రెండు వేళ్ళ గుడ్డ భద్రంగా ఉంది. అంత చోటు నాకు ఇంకెవరూ ఇవ్వలేదు.

ఈ వారం డ్రైవరు మళ్ళీ వచ్చాడు. కోటు బొత్తాలు పట్టడం లేదట. సిగ్గుపడుతూ ఆ మాట చెబుతున్నప్పుడు ఆ మొహం చూడాలి.

పెద్దమ్మ కుట్లు విప్పుతూ అంది, "లోపల ఇంకా బోలెడు గుడ్డ ఉంది తమ్ముడూ. నిక్షేపంగా తిను."