అమ్మమ్మ కనబడని సీడీ

నిన్న బీరువా సర్దుతుంటే, నీలం మార్కరుతో 'అమ్మమ్మ పాట' అని నేను రాసిన సీడీ దొరికింది. ఇంట్లో తయారుచేసిన సీడీని ప్లేయర్‌లో పెట్టి, బొమ్మ వస్తుందో రాదోనని ఊపిరి బిగబట్టిన రోజులు మీకూ గుర్తున్నాయా?

అప్పుడు నాకు పద్నాలుగేళ్లు. మా అమ్మమ్మ నరసన్నపేట బజారులో చేపలు అమ్మేది. పిన్ని పెళ్లిలో ఆవిడ పాడుతుంటే మావయ్య కెమెరాతో నేనే వీడియో తీశాను. నెట్ సెంటర్‌లో దాన్ని సీడీకి ఎక్కించి తెచ్చాను. అమ్మమ్మ కొత్త చీర కట్టుకుని, వాడలో వాళ్లందరినీ పిలిచి టీవీ ముందు కూర్చుంది. ప్లేయర్ కాసేపు గిర్రున తిరిగి 'నో డిస్క్' అని చూపించింది.

"ఏటిరా, నాను కనబడనేటి?" అంది అమ్మమ్మ.

అందరూ నన్నే చూస్తున్నారు. "నీ ప్లేయరే మంచిది కాదే అమ్మమ్మా" అనేశాను. ఎంతో ముచ్చటపడి కొనుక్కున్న ప్లేయర్ అది.

మర్నాడు నెట్ సెంటర్ నడిపే అన్నయ్య సీడీ చూసి నవ్వాడు. "ఒరే, ఫైలు ఉన్నదున్నట్టు ఎక్కించేసినావు. ఆ ప్లేయరుకి వీసీడీ పద్ధతిలోకి మార్చి ఎక్కించాల. మల్లీ ఎక్కించుకో, ఎంతసేపు!"

నేను మళ్లీ ఎక్కించలేదు. ఎక్కిస్తే తప్పు నాదేనని అందరికీ తెలిసిపోతుంది. అమ్మమ్మ ప్లేయర్‌ను గుడ్డలో చుట్టి అటక మీద పెట్టేసింది. పోయేదాకా మళ్లీ దించలేదు.

నిన్న స్నేహితుడి పాత కంప్యూటర్‌లో ఆ సీడీ పెడితే వెంటనే బొమ్మ వచ్చింది. పాట మొదలుపెట్టే ముందు అమ్మమ్మ కొంగు సర్దుకుని, కెమెరాలోకి చూస్తూ నాతో అంది: "ఒరే, సరిగ్గా తియ్యి. నానెలాగ పాడతానో నానెప్పుడూ సూసుకోనేదు."