మోతీనగర్ మేడకి టాటా

ఇప్పుడు ఫిల్మ్‌నగర్‌లో మా బాల్కనీలో కూర్చుంటే కింద హారన్ల మోతే గాని ఆకాశం నుంచి చప్పుడే రాదు. విమానాలన్నీ శంషాబాద్ వెళ్ళిపోయాయి. నేను సినిమాల్లో ఆర్ట్ అసిస్టెంటుగా చేరిన కొత్తలో అలా కాదు. నిజాం కాలంనాటి బేగంపేట విమానాశ్రయంలో దిగే విమానాలు మోతీనగర్‌లో మా మేనత్త ఇంటి మేడను ఒరుసుకుంటున్నట్టే వెళ్ళేవి. అత్తయ్య ప్రతి విమానానికీ చెయ్యూపేది. (వడియాలు పెడుతున్నా సరే, పిండి చేత్తోనే.) ఒక్కసారి ఎక్కాలని ఆవిడ ఆశ. "సిటీ బస్సులోనే కళ్ళు తిరుగుతాయి, నీకు విమానమొకటా!" అనేవారు మావయ్య. టిక్కెట్టు కొనే తాహతు ఆయనకూ లేదు, నాకూ లేదు.

ఇంతలో మా సినిమాకి విమానం సీను పడింది. స్టూడియోలో ప్లైవుడ్డుతో విమానం లోపలి భాగం కట్టాం. కిటికీల అవతల తెర మీద మబ్బులు వేసింది నేనే. తీరా షూటింగు పొద్దున చూస్తే, జూనియర్ ఆర్టిస్టుల ఏజెంటు కృష్ణానగర్ నుంచి పంపిన ప్రయాణికులంతా కుర్రకారు. "ఇది విమానమా, కాలేజీ బస్సా? నెరిసిన తల ఒక్కటైనా లేదే!" అని డైరెక్టరుగారు మండిపడ్డారు. నేను స్కూటరు మోతీనగర్ వైపు తిప్పాను.

"అది ఉత్తి చెక్క విమానం అత్తయ్యా, ఎగరదు," అని దారి పొడుగునా చెప్పాను.

"తెలుసులేరా. కిటికీ పక్కన కూర్చోబెడతావా, లేదా?" అంది పట్టుచీర కొంగు సర్దుకుంటూ.

కూర్చోబెట్టాను. విమానం కదులుతున్నట్టు కనిపించాలని లైట్‌బాయ్‌లు కింద వెదురుబొంగులు పెట్టి ఊపడం మొదలెట్టారు. వాళ్ళ పెద్ద, రహమత్ నగర్ మనిషి, "అమ్మా, జర గట్టిగ పట్టుకో, లేస్తున్నం!" అని కేకేశాడు. హీరోయిన్ కన్నీళ్ళతో డైలాగు చెబుతోంది. వెనక సీట్లో నిద్ర నటించవలసిన అత్తయ్య కిటికీకి ఒరిగి, ముఖమంతా నవ్వుతో, కిందికి చెయ్యూపేస్తోంది.

"కట్! ఎవరికమ్మా ఆ టాటా?"

"మా ఆయనకండీ. ఈ వేళకి మేడ మీద వడియాలకి కాపలా ఉంటారు. ఇన్నాళ్ళూ కిందనించి ఊపాం కదా, పైకొచ్చి ఊరుకుంటే ఏం బావుంటుంది?"

ఫ్లోరంతా గొల్లుమని నవ్వింది. డైరెక్టరుగారు మాత్రం నావైపు తిరిగి, "దించెయ్యవయ్యా ఆవిణ్ణి," అన్నారు. అత్తయ్య ముఖం చూడలేక నేను తల దించుకున్నాను.

"ఉండనియ్యుండ్రి సార్," అన్నాడు లైట్‌బాయ్‌ల పెద్ద, బొంగు వదలకుండానే. "ఇప్పుడే ఎక్కింది, అప్పుడే దింపుతరా?"

డైరెక్టరుగారికీ నవ్వు ఆగలేదు. "సరే. కళ్ళు మూసుకోండమ్మా. ఆ చెయ్యి మాత్రం నాకు కనిపించకూడదు."

రెండో టేకులో అత్తయ్య బుద్ధిగా కళ్ళు మూసుకుంది. షాట్ ఓకే అయింది. సీను కోసం ఒళ్ళో కప్పిన శాలువా కింద ఏదో కదులుతూనే ఉండడం నేనొక్కణ్ణే చూశాను.

ఇంటికి రాగానే మావయ్య వెటకారంగా అడిగారు: "ఏం, నేను కనిపించానా పైనించి?"

"మీరు కునుకు తీస్తున్నారు. కాకి వడియాలు ఎత్తుకుపోవడం కూడా చూశాను," అంది అత్తయ్య. (మావయ్య గబగబా మేడెక్కి చూసొచ్చారు.)

ఆవిడ నిజం విమానం ఎక్కనేలేదు. ఇప్పుడు ఇద్దరూ లేరు. నేను మొదటిసారి ఎక్కింది రిటైరయ్యాక, శంషాబాద్‌లో. కిటికీ సీటే దొరికింది. (మబ్బులు నేను వేసినంత బాగా లేవని ఆనాటి డైరీలో రాసుకున్నాను.) కింద ఊరంతా పరుచుకుని ఉంది గాని మోతీనగర్ ఎటో తెలియలేదు. అయినా చెయ్యూపాను. పక్క సీటాయన పేపరు దించి నావైపు వింతగా చూశాడు. నేను బుద్ధిగా కళ్ళు మూసుకుని, చేతిని కప్పుకున్న శాలువా కిందికి తీసుకున్నాను. అక్కడ ఊపుతూనే ఉన్నాను.