బావగారి మనస్సాక్షి

ఆ రోజుల్లో, అంటే మరీ పాతకాలమేమీ కాదు, చేతిలో స్మార్ట్‌ఫోనూ బుర్రలో చర్చివాళ్ల జ్ఞానోపదేశం పుస్తకమూ ఉన్న నా డిగ్రీ రోజుల్లో, అచ్చులో ఉన్న మాట చదివి వినిపిస్తే పెద్దవాళ్లు సరేనంటారని నమ్మేదాన్ని. రామచంద్రపురం దగ్గర మా ఊళ్లో మేం క్యాథలిక్కులం. జగద్గురువుల మాటే మాకు ఆఖరు మాట (పోపుగారిని మేమలాగే అంటాం. ఉత్త పోపు అంటే మా నాయనమ్మకి ఆవాలూ ఎండుమిర్చీ గుర్తొచ్చేవి). రెండో కాన్పులో మా అక్క చావు తప్పి బయటపడింది. మూడోది వస్తే బతకదని డాక్టరమ్మగారు బావగారిని కూర్చోబెట్టి చెప్పారు. "ఆపరేషన్ మీరు చేయించుకుంటే తేలికండి. సాయంత్రానికి ఇంటికెళ్లిపోవచ్చు." క్రిస్మస్‌కి తప్ప గుడి మెట్లెక్కని మా బావగారికి అప్పటికప్పుడు భక్తి పుట్టుకొచ్చింది. "జగద్గురువులు ఒప్పుకోరండి. నా మనస్సాక్షీ ఒప్పుకోదు," అన్నారు.

అమ్మ నన్ను ఫాదర్‌గారి దగ్గరికి ఆపరేషన్‌కి అనుమతి అడిగి రమ్మని పంపింది. నలుగురిలో నోరు పెగలని నేను దారంతా బట్టీ పట్టి, గోడ మీది బల్లిని చూస్తూ, "మనిషి తన మనస్సాక్షి చెప్పినట్టే నడవాలని పుస్తకంలో ఉంది కదండీ," అన్నాను. "ఉందమ్మా," అన్నారాయన చల్లగా. "ఆ మనస్సాక్షి జగద్గురువుల బోధ వినాలని కూడా ఉంది. నువ్వు పేజీ తిప్పలేదు." "అక్క చచ్చిపోతుందండీ," అన్నాను. "దేవుడు నిగ్రహం ఇచ్చాడు కదమ్మా. దూరంగా ఉండొచ్చు." అది మా బావగారికి మీరే చెప్పాలండి అని లోపలే అనుకుంటూ ఇంటిదారి పట్టాను.

ఇదంతా విని అక్క నవ్వింది. రాజమండ్రి ఆస్పత్రికి తనే వెళ్లి, "నాకే చేసెయ్యండి డాక్టరుగారూ. ఆయన మనస్సాక్షి సున్నితమండి, కత్తి పడదు," అంది. తర్వాత ఫాదర్‌గారి దగ్గర పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనానికి వెళితే, చేసినదానికి పశ్చాత్తాపపడమన్నారట. "బతికినందుకా అండీ?" అని లేచి వచ్చేసింది. పశ్చాత్తాపం లేదు కాబట్టి క్షమాపణ లేదు, పూజలో ఫాదర్‌గారు అందరికీ ఇచ్చే సత్ప్రసాదమూ లేదు.

ఇప్పుడు బావగారు ప్రతి ఆదివారం పూజకొస్తున్నారు. చేతులు జోడించుకుని సత్ప్రసాదం తీసుకుని, కళ్లు సగం మూసుకుని తిరిగొస్తారు. ఆయన బెంచీ లోపలికి వెళ్లడానికి వీలుగా అక్క కాళ్లు పక్కకి జరుపుతుంది. నేను సత్ప్రసాదానికి వెళ్లకుండా అక్క పక్కనే కూర్చుండిపోతాను. "నువ్వెళ్లవే. నీకేం పాపం ఉందని," అంటుంది గుసగుసగా. ఒక్క వాక్యంతో అందరినీ ఒప్పించేద్దామని బయల్దేరిన ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వుకుంటాను. కాళ్లు మాత్రం లేవవు.