స్ఫటికం రెండో సగం

మొన్న శుక్రవారం పొద్దున చింతపండుతో దీపపు కుంది తోముతుంటే ఫోన్ మోగింది. మా కాలేజీలో చదివి, ఇప్పుడు బేగంపేటలో పాఠాలు చెబుతున్న అమ్మాయి.

"అక్కా, సార్ పోయిండ్రు. నిద్రలనే పోయిండ్రంట."

సికింద్రాబాద్‌లోని ఆ కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో నేను అటెండర్‌ని. సార్ అక్కడ జిప్సం స్ఫటికాలు పెంచేవారు. గాజుగొట్టంలో జిగురులాంటి ద్రావణం పోసి కదపకుండా ఉంచితే, కలకండ పలుకులాంటిది నెమ్మదిగా పెరుగుతుంది. దాన్ని బ్లేడుతో రెండుగా చీల్చి పలచటి యాసిడ్‌లో ముంచేవారు. లోపమున్న చోటును యాసిడ్ ముందు తింటుంది. మైక్రోస్కోపులో అక్కడ చిన్న గుంట కనబడుతుంది. ఆ గుంటలను చూసి రాసుకోవడమే సార్ పని.

ముంచి తీయడం నాకు అప్పగించారు. గడియారం చూసేదాన్ని కాదు. ఇరవై ఒక్క రామనామాలు అనుకుని తీసేసేదాన్ని. సార్‌కి గుడి అలవాటు లేదు. అయినా నేను ఒకరోజు సెలవు పెట్టి వస్తే, "నిన్న నేనే రామ రామ అనుకున్నానమ్మా. పుణ్యం మాత్రం నీదే" అన్నారు.

అప్పటికే పిల్లలంతా కంప్యూటర్ కోర్సులకు వెళ్లిపోతున్నారు. సార్ దగ్గర ఈ అమ్మాయి ఒక్కతే మిగిలింది. మూడు నెలలకు ఒక్కటే మంచి స్ఫటికం వచ్చింది. నేను ఇంటికి వెళ్లాక సార్ ఒక సగం ముంచి, ఫోటో కోసం బల్లమీద పెట్టారు. పొద్దున్నే చూస్తే మసకగా ఉంది. మరక అనుకుని, పళ్లపొడి అద్ది మెరిసేదాకా రుద్దాను.

"ఏందక్కా గిట్ల చేసినవ్! మూడు నెలలు!" అమ్మాయి ఏడ్చేసింది. "నాకొద్దు సార్. నేను సుత కంప్యూటర్లనే చేరుత."

సార్ దాన్ని కిటికీ వెలుతురులో పట్టి చూశారు.

"ఏటమ్మా, అద్దం చేసేశావు! తల దువ్వుకోవచ్చు." సొరుగులోంచి రెండో సగం తీశారు. "లోపం పైపైన ఉండదు. రెండింట్లోనూ ఒకే చోట ఉంటాది. ముంచు. నామం అందుకో."

పదో నామం దగ్గర ఆగిపోయాను. మిగతా పదకొండూ సార్ పైకే అన్నారు. మైక్రోస్కోపులో గుంటలు చుక్కల్లా తేలాయి. అమ్మాయి కళ్లు తుడుచుకుని నోట్‌బుక్ తెరిచింది.

ఆ తప్పును సార్ మళ్లీ ఎత్తలేదు. "లోపం సాయం లేందే స్ఫటికం సరిగ్గా పెరగదమ్మా" అని మాత్రం తరచూ అనేవారు.

ఫోన్ పెట్టాక కుందిని మళ్లీ తోమబుద్ధి కాలేదు. ఒక పక్క మెరుస్తోంది, రెండో పక్క నూనె మరకలు. సాయంత్రం అలాగే వత్తి వేసి వెలిగించాను. నామం అందుకున్నాను. పదో దాని దగ్గర ఆగాను. మిగతా పదకొండూ సార్‌వి.