అత్త గదిలో పోసిన గ్యాసు

పాత ఏసీకి ఏ గ్యాసు పొయ్యాలో నాకంటే తెలిసిన మెకానిక్కు విరుదునగర్‌లో లేడని చాలాకాలం మిడిసిపడ్డాను. ఆ మిడిసిపాటు కోవిల్పట్టిలో, మా మేనత్త గదిలో, ఒక శుక్రవారం పొద్దున దిగిపోయింది.

అత్తది బాగా పాత ఏసీ. అందులో ఉండే ఆర్-22 గ్యాసు ఇప్పుడు దొరకడమే గగనం. దాని బదులు నా దగ్గర రెండు గ్యాసులున్నాయి. 407సి అంటుకోదు, కానీ కంప్రెసర్లో నూనె మార్చాలి, ఒక పూట పని. 290కి పాత నూనే చాలు, చల్లదనం బ్రహ్మాండం, కానీ నిప్పు తగిలితే అంటుకుంటుంది. వంటగ్యాసుకు దగ్గరి చుట్టం. వంటగ్యాసుకు కలిపే వాసన కూడా దీనికి ఉండదు, కారినా తెలియదు. పాత మిషన్లలో దాన్ని పోయొద్దని నాకు పని నేర్పిన మేస్త్రీ నెత్తీనోరూ కొట్టుకునేవాడు. అయినా పోశాను. గదిలో పొయ్యి లేదు, బీడీ తాగేవాళ్ళు లేరు, ఇంకేం భయమనుకున్నాను. ఇంగ్లీషులో ఉన్న ఎర్ర హెచ్చరిక స్టిక్కరొకటి అంటించి, అందులో ఏముందో అత్తకు చెప్పకుండానే బస్సెక్కాను.

మర్నాడు తెల్లారగానే అత్త ఫోను. చల్లదనం తగ్గిపోయిందట. విసుక్కుంటూ వెళ్ళాను.

తలుపు తోశాను. ఎర్ర స్టిక్కరు మీద చందనం, కుంకుమ. ఏసీ కింద పీట, పీట మీద పళ్ళెం, అందులో అత్త సూడమనే కర్పూరం బిళ్ళ. కిటికీలన్నీ మూసి ఉన్నాయి. అత్త గీసిన అగ్గిపుల్ల విరిగింది. ఇంకోటి తీసింది.

ఎలా దూకానో నాకే తెలియదు. అగ్గిపెట్టె లాక్కున్నాను. నా కాలు తగిలి పళ్ళెం ఎగిరిపడింది.

"ఏమిరా, పేయో దెయ్యమో పట్టిందా నీకు? సామికి పెట్టిన సూడంరా అది!"

అత్తను రెక్క పట్టుకుని బయటికి లాక్కొచ్చాను. వరండాలోని మెయిను ఆపాను. బయటినుంచే కిటికీలు తోసి తెరిచాను. చాలాసేపు ఆగి, లోపలికెళ్ళి గ్యాసు గొట్టాలకు సబ్బునురగ రాస్తే, నిన్న నేను బిగించిన జాయింటు దగ్గరే బుడగలు పొంగాయి. వెళ్ళేముందు ఒక్కసారి పరీక్షించి ఉంటే సరిపోయేది. నా మీద నాకే అసహ్యమేసింది.

విషయమంతా చెప్పాను. అత్త మొహం తెల్లబోయింది. గుమ్మం మీద కూలబడి, నేను లాక్కున్న అగ్గిపెట్టె వంకే చూస్తూ అంది.

"మగ్గం బాగైతే సూడం చూపిస్తి. బావి మోటారు బాగైతే చూపిస్తి. మీ మామ సైకిలుకు కూడా చూపిస్తి. నిన్న బాగైన ఏసీకి శుక్రవారం చూపిద్దామని ఆగితి. నువ్వే కదరా పళ్ళెం పట్టుకోని నిలబడేది? నీకు తెలీదా?"

తెలుసు. నేను పెరిగింది ఆ ఇంట్లోనే. నూనె గురించి ఆలోచించాను, ప్రెషరు గురించి ఆలోచించాను. బాగైన ప్రతి మిషనుకూ అత్త నిప్పు చూపిస్తుందన్నది మాత్రం మరిచిపోయాను.

ఆ రోజే 290ని బయటికి వదిలేసి, నూనె మార్చి, 407సి పోశాను. ప్రతి జాయింటునూ మూడుసార్లు సబ్బునురగతో చూశాను. అంతా అయ్యాక అత్త పళ్ళెం కడిగి, కొత్త బిళ్ళ పెట్టి నా చేతికిచ్చింది.

"ఇప్పుడు వెలిగించొచ్చునా?" అని అడిగింది.

నేను పుట్టి బుద్ధెరిగాక, కర్పూరం వెలిగించడానికి అత్త ఎవరినైనా అడగడం అదే మొదటిసారి.